తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

(అల్ షహానియాలో ఒక శుక్రవారం రికార్డు చేసిన మాటలు. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

నేను అల్ షహానియా నుంచి మాట్లాడుతున్నా. దోహా నుంచి దుఖాన్ రోడ్డు పట్టుకుని పడమరకు వస్తే ఒంటెల పందాల ట్రాక్ ఉంటుంది కదా, మా క్యాంపు ఆ వైపే. ఐటీఐలో ఫిట్టర్ చేసి వచ్చినవాణ్ణి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో పది నిమిషాలు మాట్లాడటం తప్ప మైకు ముందు మాట్లాడిన అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

ఈసారి మా ఊరి లైబ్రరీ గురించి చెప్తా. వీసా గురించో, జీతం గురించో చెప్పకుండా లైబ్రరీ ఏంది అనుకోకండి. ఇది మన పిల్లల సంగతి, మన ఇంటి పన్ను సంగతి కూడా.

మాది జగిత్యాల వైపు ఒక మండల కేంద్రం. ఊరి పేరు చెప్పను. చెప్తే అక్కడ పనిచేసేవాళ్ళకు మాట వస్తది. బస్టాండు వెనక రెండు గదుల పెంకుటిల్లు, అదే శాఖా గ్రంథాలయం. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచేవాళ్ళు. శుక్రవారం సెలవు. ఈ శుక్రవారం మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దాని దగ్గరకి.

నేను చదువుకునే రోజుల్లో అక్కడ ఒక సారు ఉండేవారు. మేం లైబ్రరీ సారు అనేవాళ్ళం. పొద్దున పేపర్లు రాగానే కర్ర బద్దలకు గుచ్చి బల్ల మీద పెట్టేవారు. సినిమా పేజీ కోసం పిల్లలు కొట్టుకుంటే పేపరు విడదీసి పంచేవారు. పెన్షన్ కాగితం, మనియార్డర్ ఫారం, దుబాయి నుంచి వచ్చిన ఉత్తరం, ఏది తెచ్చినా చదివిపెట్టేవారు. మా మేనత్తకు మామ మస్కట్ నుంచి రాసిన ఉత్తరాలన్నీ ఆయనే చదివారు. జవాబు కూడా ఆయనే రాసేవారు. ఇవేవీ ఆయన ఉద్యోగంలో లేవు.

2005లో ఒక ఏజెంటు నాకు కంపెనీ వీసా అని లక్ష రూపాయలు అడిగిండు. బాపు ఎకరం భూమి కుదువ పెట్టడానికి సిద్ధమైండు. నేను సంతోషంతో సారుకు చెప్పబోతే ఆయన ఒక్కటే అడిగిండు: "ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?" నాకు తెలియదన్నా. పాత పేపర్ల కట్ట దించి, గల్ఫ్ ఉద్యోగాల ప్రకటనలు చూపించి, "చూడు, అసలు ఏజెంటయితే నంబరు ఏసుకుంటడు. నీవాడు ఏసుకున్నడా?" అన్నడు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనుషుల్ని పైదేశాలకు పంపకూడదని నాకు తెలిసింది ఆ రోజే. ఏజెంటును నంబరు అడిగితే మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. ఆ ఎకరం ఇప్పటికీ మాదే.

మరుసటి ఏడు సరైన దారిలో ఖతర్ వీసా వచ్చింది. బయలుదేరే వారం ముందు లైబ్రరీకి పోయి, తెలుగు ద్వారా హిందీ నేర్చుకునే పుస్తకం ఒకటి రాయించుకున్నా. పదిహేను రోజుల గడువు. రోజులు తెలియలేదు, పుస్తకం సూట్‌కేసులో బట్టల మధ్య ఇక్కడికి వచ్చేసింది. మొదటి క్యాంపులో నా గదిలో నేపాల్, బీహార్, రాజస్థాన్ వాళ్ళు. ఫోర్‌మన్ హిందీలో ఒకటి చెప్తే నేను ఒకటి చేసేవాణ్ణి. రాత్రి మంచం మీద ఆ పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. నా తర్వాత మనవాళ్ళు ఇరవై మంది దాకా చదివారు. నన్ను సూపర్‌వైజర్ చేసింది ఐటీఐ సర్టిఫికెట్ సగం, ఆ పుస్తకం సగం.

2019లో సెలవు మీద ఇంటికి పోయా. లైబ్రరీకి పోతే సారు నేల మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ పుస్తకాల కుప్పలు. ఆ నెలాఖరుకు రిటైర్మెంటు. పక్క మండలం లైబ్రేరియన్‌కు ఇంచార్జి ఇచ్చారు. ఇద్దరూ కలిసి ఛార్జి అప్పజెప్పుకుంటున్నారు.

సైటులో ఇంజనీరు మారితే మనం హ్యాండోవర్ చేస్తాం కదా. ఎన్ని టన్నుల స్టీలు ఉంది, ఏ కాలమ్ ఎక్కడి దాకా లేచింది, ఎవరికి ఎంత ఓవర్‌టైం బాకీ, అన్నీ రాసిస్తాం. లైబ్రరీలో కూడా అంతే. ప్రతి పుస్తకానికి ఒక నంబరు, పెద్ద రిజిస్టర్లో దాని ధర, వచ్చిన తేదీ. నంబరు ఒకరు చదవాలి, పుస్తకం ఒకరు చూపించాలి. పోయినవాటికి జవాబు చెప్పాల్సింది పోయేవాడే. మూడు రోజుల నుంచి లెక్క నడుస్తోందట.

నేను నిలబడి చూస్తుంటే ఇంచార్జి సారు ఒక నంబరు చదివిండు. లైబ్రరీ సారు తల ఎత్తకుండానే, "అది ఖతర్ల ఉంది. పైసలు కట్టిన" అన్నడు.

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదమూడేళ్ళు. ధర ముప్పై అయిదు రూపాయలు. జేబులో చేయి పెడితే, "వద్దు తియ్యకు. చదివినవా లేదా అది చెప్పు" అన్నడు. చదివిన సారూ అన్నా. "అయితే లెక్క సరిపోయింది" అన్నడు. ఆ తర్వాత నేను ఆయన్ని చూడలేదు. కొడుకు దగ్గర ఉంటానని ఊరు విడిచి పోయారు.

ఇప్పుడు శుక్రవారం సంగతి. మా పెద్దపాప డిగ్రీ అయిపోయి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. హైదరాబాదులో అశోక్‌నగర్ హాస్టళ్ళ ఖర్చు మీకు తెలుసు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకడమే కష్టం అంటారు. ఊళ్ళో లైబ్రరీ ఉంది కదా, అక్కడే చదువుకో బిడ్డా అని నేనే అన్నా. ప్రతి శుక్రవారం తీరికగా ఫోన్ చేస్తా. "లైబ్రరీకి పోలేదా?" అని అడిగితే "ఇయ్యాల శుక్రవారం కదా బాపూ, బందు" అనేది. నిజమే కదా అనుకునేవాణ్ణి. అట్ల ఎనిమిది నెలలు గడిచింది.

ఒక మంగళవారం ఇసుక గాలికి సైట్ ఆపేస్తే పొద్దున్నే ఫోన్ చేశా. పాప ఇంట్లోనే ఉంది. "లైబ్రరీ?" అంటే అప్పుడు చెప్పింది. "ఇంచార్జి సారుకు మూడు లైబ్రరీలు బాపూ. మా దగ్గరికి వారానికి రెండు రోజులు వస్తడు, గంటసేపు కూసుంటడు. ఊడ్చే అవ్వ దగ్గర తాళం ఉండె, ఇప్పుడు అది కూడా లేదు. నీకు చెప్తే ఏం చేస్తవని చెప్పలే."

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ ఇంచార్జి మనిషి తప్పు కాదు. మూడు సైట్లు ఒక్క సూపర్‌వైజర్‌కు ఇస్తే మూడూ ఆగిపోతాయి, అది నాకు తెలుసు.

మా ఊరివాళ్ళు ఖతర్, దుబాయి, సౌదీలో కలిపి నలభై మంది ఉన్నారు. వాట్సప్ గ్రూపులో పెడితే రెండు రోజుల్లో పైసలు జమయ్యాయి. మనకు అలవాటే కదా, గుడికి ఇస్తాం, బోరుకు ఇస్తాం. పోటీ పరీక్షల పుస్తకాలు, రెండు ఫ్యాన్లు, పది ప్లాస్టిక్ కుర్చీలు కొని పంపాం. ఫోటో వచ్చింది, అందరం సంతోషపడ్డాం. నెల తర్వాత పాప ఇంకో ఫోటో పంపింది. కిటికీలో నుంచి తీసింది. కొత్త కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టి ఉన్నాయి, పుస్తకాల కట్టలకు కట్టిన తాడు కూడా విప్పలేదు.

సిగ్గుపడాల్సిన మాట ఇంకోటి చెప్తా. సరిగ్గా ఇదే ఇక్కడ మా క్యాంపులో జరిగింది. మెస్ గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. సెలవుకు పోయినవాళ్ళు తెచ్చిన పుస్తకాలు, వారపత్రికలు అందులో పెట్టాం. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు కదా. ఆ గంటల్లో నిద్ర పట్టనివాళ్ళకు ఆ బీరువానే దిక్కు. నిజామాబాద్ తమ్ముడు ఒకడు, టైంకీపర్, దాన్ని చూసుకునేవాడు. ఎవరు ఏం తీసుకున్నారో నోటుబుక్కులో రాసేవాడు. వాడిని ఇంకో సైటుకు మార్చారు. తాళంచెవి వాడి ప్యాంటు జేబులోనే పోయింది. మూడు నెలలు బీరువా మూసే ఉంది. నేను రోజూ దాని పక్కనే అన్నం తిన్నా, ఒక్కసారి అడగలేదు. ఊళ్ళో తాళం ఎవరి దగ్గరుందని కోపం చేసినవాణ్ణి, ఇక్కడ నా ముక్కు కింద తాళం కనబడలేదు.

తాళం పగలగొట్టి తెరిస్తే పై అరలో ఆ హిందీ పుస్తకం దొరికింది. అట్ట పోయింది. లోపల పేజీలో మా ఊరి లైబ్రరీ ముద్ర, నంబరు అట్లనే ఉన్నాయి. ఆ రోజు నుంచి బీరువాకు రెండు తాళంచెవులు, ఇద్దరు మనుషులు. ఒకరు పోతే రెండోవారు కొత్త మనిషిని చూపించి, పుస్తకాలు లెక్కబెట్టి సంతకం తీసుకోవాలి. చిన్న పని, కానీ ఇప్పటికి నలుగురు మారినా బీరువా మూతపడలేదు.

ఊరి పని కూడా అట్లనే మొదలుపెట్టాం. మొదట పన్ను సంగతి తెలుసుకున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. అంటే రెండు వేల ఇంటి పన్ను మీద నూట అరవై. మనం గల్ఫ్ పైసలతో కట్టుకున్న ఇళ్ళే కదా ఊళ్ళో ఎక్కువ. లైబ్రరీకి చందా ఇచ్చామనుకుని మురిసిపోయాం, అప్పటికే ప్రతి ఏడూ ఇస్తున్నాం.

పాప సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. రెండే ప్రశ్నలు: పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ? మా ఊరి నుంచి పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది? జవాబు వచ్చింది. పోస్టు సారు పోయిన రోజు నుంచి ఖాళీ. పన్నులో సగానికి పైగా అసలు చేరలేదు. ఆ కాగితం పట్టుకుని పాప, ఇంకో ఆరుగురు పిల్లలు సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి పోయారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

మాలో ఒకన్న అన్నడు, "మనమే నెలకింత ఏసుకుని ఒక మనిషిని పెడదాం, పోతది." నేను వద్దన్నా. ఒక ఏడు ఇస్తాం, తర్వాత మనలో పది మందికి కంపెనీ మూతపడుతుంది, పది మంది ఫైనల్ ఎగ్జిట్ మీద పోతారు. అప్పుడు? పైగా మనం మనిషిని పెడితే ఆ పోస్టు ఇక ఎవరికీ గుర్తుండదు. ఆయనకు నా మాట నచ్చలేదు. ఆయన పిల్లాడికి పరీక్ష దగ్గర్లో ఉంది, ఆయన బాధ ఆయనది. ఇప్పటికీ మాకు దీని మీద తేడా ఉంది.

ఏమైంది అంటారా? సగం అయింది. కొంత పన్ను కట్టారు. ఔట్‌సోర్సింగ్ మీద ఒక అమ్మాయిని ఇచ్చారు, లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్ కోర్సు చేసిన పిల్ల. పొద్దున పూట ఆరు రోజులు తెరుస్తోంది. సాయంత్రం ఇంకా లేదు. పర్మినెంటు పోస్టు ఖాళీగానే ఉంది. ఆ అమ్మాయికి జీతం నెల నెలా రావట్లేదని విన్నా. మనకు తెలియని బాధ కాదు కదా అది.

ఇదంతా కొత్త గొడవ కూడా కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం 1904లో పెట్టారు. నిజాం కాలంలో తెలుగు చదువుకు చోటు లేదని జనమే పెట్టుకున్నవి. అటు విజయవాడ వైపు అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా ఊరూరా లైబ్రరీ కావాలని తిరిగారు. వాళ్ళు లేనిదాన్ని పెట్టారు. మనం ఉన్నదాన్ని తెరిపించమంటున్నాం, అంతే.

ఇక్కడివాళ్ళకు ఒక మాట. ఎడ్యుకేషన్ సిటీలో ఖతర్ నేషనల్ లైబ్రరీ ఉంది, 2018లో అధికారికంగా ప్రారంభించారు. పది లక్షలకు పైగా పుస్తకాలు. మాల్ ఆఫ్ ఖతర్ దగ్గర అల్ రిఫ్ఫాలో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే రెండో స్టేషన్, లైబ్రరీ పేరే దానికి. మనలాంటివాళ్ళకు రానిస్తారా అని నేనూ భయపడ్డా. ఖతర్ ఐడీ ఉంటే సభ్యత్వం ఉచితం. శుక్రవారం వేళలు వేరుగా ఉంటాయి, చూసుకుని పోండి. నలుగురం పోయాం. కౌంటర్ దగ్గర మనిషి లేచి ఏం కావాలని అడిగిండు. అంత పెద్ద బిల్డింగులో నాకు మా సారు గుర్తొచ్చింది అక్కడే.

మీరు ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి: మన లైబ్రరీ తాళం ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు తెరుస్తున్నారు? శుక్రవారం అడిగి ఊరుకోకండి, ఇంకో రోజు కూడా అడగండి. ఇంటి పన్ను రసీదు ఫోటో పెట్టమనండి.

వచ్చే డిసెంబరులో నాకు సెలవు. ఆ హిందీ పుస్తకానికి అట్ట వేయించా. తీసుకుపోయి ఆ అమ్మాయికి ఇస్తా, రిజిస్టర్లో నా పేరు కొట్టేయమంటా. పొద్దున పోవాలి. సాయంత్రం పోతే తాళం ఉంటది.

ఉంటా మరి. పొద్దున నాలుగింటికి బస్సు.