నడిపే మనిషి లేని ఆట

రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, మన వాడుకలో ఆర్పీజీలు, ఆడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తెగని తగవు ఒకటుంది. ఏది అసలైన ఆర్పీజీ, ఏది కాదు? 'ఫైనల్ ఫాంటసీ 7'ను నెత్తిన పెట్టుకునేవాళ్లతో 'ఫాలౌట్' అభిమానులు ఏకీభవించరు. కథంతా ముందే రాసిపెట్టి ఉన్నప్పుడు ఆటగాడు తేల్చేదేముందని అడుగుతారు. రాక్షసుల్ని నరకడం, సామాను ఏరుకోవడం తప్ప 'డయాబ్లో'లో ఏముందని ఇద్దరూ కలిసి దాన్ని బయటికి నెడతారు. ఇక 'జెల్డా' పేరెత్తితే ఎవరు ఏ పక్షమో చెప్పడమే కష్టం. ఇదంతా పనిలేని పంచాయితీ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆర్పీజీ కంప్యూటర్‌లోకి వచ్చిన రోజునే దానికి ఒక పెద్ద లోటు ఏర్పడింది. ఆ లోటును ఎవరు ఏ మేరకు పూడ్చారన్నదే ఈ తగవుకు మూలం. ఆ మూలం దొరికితే గీటురాయి కూడా దొరుకుతుంది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చారు. బల్లమీద బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడే అలవాటులోంచి పుట్టిన ఆట అది. సైన్యాన్ని నడపడం మాని ఒక్క వీరుణ్ణి నడపమన్నది. దెబ్బ తగిలిందా, ఎంత బలంగా తగిలింది, ఇంకెంత ప్రాణం మిగిలింది అనే లెక్కలు ఆ యుద్ధ క్రీడల వారసత్వమే. కానీ ఆ బల్ల దగ్గర అంకెలతో పాటు మరొకరు ఉండేవారు, ఆటను నడిపే డంజన్ మాస్టర్. ద్వారపాలకుణ్ణి చంపకుండా లంచమిస్తానని ఆటగాడు అనవచ్చు, పాట పాడి నిద్రపుచ్చుతాననీ అనవచ్చు. అవధానంలో పృచ్ఛకుడు ఏమడిగినా అవధాని ఛందస్సు తప్పకుండా అప్పటికప్పుడు పూరించినట్టే, డంజన్ మాస్టర్ కూడా ఊహించని మాటకు నియమాల లోపలే జవాబు వెతికేవాడు. నీ వీరుడు నోరు తిరిగినవాడైతే ఒక జవాబు, మొరటువాడైతే ఇంకో జవాబు. ఆటలో ప్రాణమంతా అక్కడుంది.

లెక్కలు వేయడం యంత్రానికి సులువు. అందుకే 1981లో వచ్చిన 'విజార్డ్రీ', 'అల్టిమా' రెండూ అంకెల్ని ఇట్టే పట్టుకున్నాయి. జవాబు చెప్పే మనిషిని మాత్రం ఎవరూ డిస్క్‌లో ఎక్కించలేకపోయారు. అక్కణ్ణుంచి ప్రతి రూపకర్తా ఆ మనిషి చేసే పనుల్లో తనకు చేతనైనదాన్ని తీసుకున్నాడు. రిచర్డ్ గ్యారియట్ 1985లో 'అల్టిమా 4'లో ఆటగాడి నడవడిని లెక్కపెట్టాడు. చూపులేని వ్యాపారికి తక్కువ డబ్బు చేతిలో పెడితే నిజాయితీ తగ్గుతుంది, ఆ సంగతి ఆట గుర్తుపెట్టుకుంటుంది. 1986లో యూజీ హోరీ ఆ రెండు అమెరికన్ ఆటల మీది అభిమానంతో 'డ్రాగన్ క్వెస్ట్' చేశాడు. జపాన్ పిల్లలు కొద్దిపాటి బటన్లతోనే ఆడగలిగేలా పోరాటాన్నీ ప్రయాణాన్నీ సరళం చేశాడు. 'ఫైనల్ ఫాంటసీ' కథను రక్తి కట్టించింది. 'డయాబ్లో' వేగాన్ని తీసుకుంది. 1997లో 'ఫాలౌట్' అన్నిటికన్నా కష్టమైనదానికి, అంటే జవాబు చెప్పడానికే పూనుకుంది. ఎవరికి దొరికిన ముక్కను వాళ్ల అభిమానులు మొత్తం ఆట అనుకున్నారు. తప్పు వాళ్ల అభిరుచిలో లేదు, ముక్కే మొత్తమని పట్టుబట్టడంలో ఉంది.

మరి గీటురాయి ఏది? అంకెలు కాదు. 2007 నాటి 'కాల్ ఆఫ్ డ్యూటీ 4'లో పదిమందితో కలిసి ఆడితే అనుభవం పాయింట్లు వస్తాయి, లెవెల్ పెరుగుతుంది. దాన్ని ఆర్పీజీ అన్నవాళ్లు లేరు. కథలో దారులు ఎంచుకోవడమూ కాదు. జపాన్ విజువల్ నవలల్లో ఎంపికలు బోలెడుంటాయి, అయినా అవి వేరే జాతి. నాయకుణ్ణి మనమే సృష్టించాలన్న షరతూ నిలవదు. 'విచర్ 3'లో గెరాల్ట్ ముందే ఉన్న మనిషి. నేననేది ఇదీ: ఆటగాడు తీర్చిదిద్దిన పాత్ర స్వభావం తిరిగి ఆటగాడి చేతుల్ని కట్టేయాలి, కొన్ని తలుపులు మూయాలి, కొన్ని తెరవాలి. ఆట లోకం ఆ తేడాను గుర్తించాలి. 'ఫాలౌట్'లో తెలివి బాగా తగ్గించి పాత్రను తయారుచేస్తే ఆ మనిషి సరిగా మాట్లాడలేడు, ఎదుటివాళ్లూ అందుకు తగ్గట్టే బదులిస్తారు. అదే మాటకారిని తయారుచేస్తే చివరి శత్రువు మాస్టర్‌తో తుపాకీ ఎత్తకుండానే తేల్చుకోవచ్చు. అతను సృష్టించిన మ్యూటెంట్ జాతికి సంతానం కలగదని సాక్ష్యంతో నిరూపిస్తే అతనే కుప్పకూలిపోతాడు. 2019లో 'డిస్కో ఎలీసియం' ఇంకా ముందుకు పోయింది. మామూలు పోరాట వ్యవస్థే లేదు. ఇరవై నాలుగు నైపుణ్యాలు డిటెక్టివ్ తలలో గొంతులై మాట్లాడతాయి. దేన్ని పెంచితే అది ఎక్కువగా నోరు చేసుకుంటుంది, ఒక్కోసారి తప్పుదారి కూడా పట్టిస్తుంది. యుద్ధం లేదు కనుక ఇది ఆర్పీజీ కాదన్నవాళ్లు ఆట పుట్టుకలోని ఒక సగాన్నే చూశారు.

అయితే ఈ లెక్కన జపాన్ ఆటలన్నీ బయటికి పోవా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. పోవు. 'ఫైనల్ ఫాంటసీ 5'లో ఎవరికి ఏ వృత్తి అప్పగించామో, ఏ విద్య నేర్పామో అదే యుద్ధాన్ని తేలుస్తుంది. మన వేళ్ల చురుకుతనం కాదు, పాత్ర సామర్థ్యమే గెలిపిస్తుంది. అక్కడ లోకం జవాబు చెప్పేది సంభాషణలో కాదు, యుద్ధరంగంలో. జవాబు ఇరుకైనదే, కానీ నిజమైనది. జేఆర్పీజీ, అంటే జపాన్ ఆర్పీజీ, అనే ముద్రను మొదట్లో వివక్షగా భావించామని 'ఫైనల్ ఫాంటసీ 16' నిర్మాత నవోకి యోషిదా 2023లో చెప్పినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. మీది వేరే రకం అనడంలో మీది తక్కువ రకం అనే ధ్వని చాలాకాలం నుంచీ ఉంది, దాన్ని మానుకోవాలి. 'జెల్డా' విషయంలో మాత్రం నేను మెత్తబడను. దాని నాయకుడు లింక్‌కు ప్రాణాన్ని లెక్కించే గుండెలు పెరుగుతాయి, పరికరాలు దొరుకుతాయి, కానీ నా లింక్‌కూ మీ లింక్‌కూ స్వభావంలో తేడా ఏర్పడదు. అది మహత్తరమైన సాహస క్రీడ. ఆర్పీజీ కాకపోవడం దానికి ఏమాత్రం లోటు కాదు.

ఆట బాగుంటే చాలదా, పేరుతో పనేమిటి అన్నది మిగిలిన అభ్యంతరం. పేరుతో పనుంది, ఎందుకంటే ఏది తీసేస్తే ఆర్పీజీ ఆర్పీజీగా మిగలదో తెలియకపోతే తీసేసేవాళ్లకు అడ్డుండదు. 'మాస్ ఎఫెక్ట్' మొదటి ఆటలో తుపాకీ గురి పాత్ర నైపుణ్యం మీద ఆధారపడేది. 2010లో వచ్చిన రెండోది ఆ భారాన్ని ఆటగాడి చేతికి వదిలేసింది, సామాను సంచీనీ ఎత్తేసింది. కోపగించినవాళ్లది ఛాందసమనలేం, నిజంగానే ఒక తలుపు మూసుకుంది. కానీ మన పాత నిర్ణయాల్ని మోసుకొచ్చి, సహచరుల చావుబతుకుల్ని మన ఎంపికలతో ముడిపెట్టిన ఆట కూడా అదే. రెండు పక్షాలకూ ఆధారాలున్నాయి. 2015 నాటి 'ఫాలౌట్ 4' సంగతి అలా కాదు. నైపుణ్యాల జాబితా పోయింది, మాటలు నాలుగు క్లుప్తమైన ఎంపికలకు కుదించుకుపోయాయి. తమ పాత్ర అసలేం మాట్లాడబోతోందో తెలిసేందుకు పూర్తి వాక్యాలు చూపించే మాడ్‌ను, అంటే ఆటను మార్చే జోడింపును, అభిమానులే తయారు చేసుకున్నారు. 2018లో 'ఫాలౌట్ 76' మాట్లాడటానికి ఒక్క మానవ పాత్ర కూడా లేకుండా విడుదలైంది. నిరసన గట్టిగానే వినిపించింది. 2020లో 'వేస్ట్‌లాండర్స్' అప్‌డేట్‌తో మనుషులు వచ్చారు, సంభాషణలు వచ్చాయి, పాత్ర బలాన్నీ తెలివినీ ఆకర్షణనూ బట్టి తెరుచుకునే జవాబులు మళ్లీ వచ్చాయి.