ఫోన్‌లో తాళంచెవి, మన చేతిలో లెక్క

(లుసైల్‌లో జరిగిన మన వార్షిక సమావేశంలో హోటల్ పనివారి తరఫున చేసిన ప్రసంగం)



మేము హోటళ్లలో పనిచేసేవాళ్లం. హౌస్‌కీపింగ్, లాండ్రీ, కిచెన్, బెల్‌డెస్క్. మాలో జగిత్యాల, నిజామాబాద్ వాళ్లున్నారు, కోనసీమ వాళ్లున్నారు, కడప వాళ్లున్నారు. టెక్నాలజీ వచ్చాక హోటల్లో గెస్టుకు ఏం మారిందో చెప్పమని మమ్మల్ని అడిగారు. చెబుతాం. కానీ మనకేం మారిందో చెప్పకపోతే అది సగం మాటే అవుతుంది.

మన లుసైల్‌తోనే మొదలుపెడదాం. 2022 డిసెంబర్ 18న వరల్డ్ కప్ ఫైనల్ ఇక్కడి స్టేడియంలోనే జరిగింది. అప్పుడు వచ్చిన అభిమానులకు హయ్యా కార్డు ఫోన్‌లోనే ఉండేది. దేశంలోకి రావడానికి అదే, స్టేడియం గేటు దగ్గర టికెట్‌తో పాటు అదే, మెట్రో ఎక్కడానికీ అదే. ఫోన్ ఒక్కటి పట్టుకుని తిరగడం అలవాటైన మనిషి హోటల్‌కొచ్చి కౌంటర్ దగ్గర అరగంట నిలబడతాడా? నిలబడడు.

ఒకప్పుడు బరువైన ఇత్తడి తాళంచెవి ఇచ్చేవాళ్లు. 1970లలో నార్వేకు చెందిన టోర్ సోర్నెస్ అనే ఆయన కార్డుతో తెరుచుకునే తాళం కనిపెట్టాడు. 2015 నుంచి హిల్టన్ లాంటి పెద్ద కంపెనీలు తాళంచెవిని గెస్టు ఫోన్‌లోకే పంపడం మొదలుపెట్టాయి. కరోనా వచ్చాక మెనూ కార్డు పోయి టేబుల్ మీద క్యూఆర్ కోడ్ మిగిలింది. ఇప్పుడు కొన్ని రూముల్లో ఏసీ, కర్టెన్లు, లైట్లు అన్నీ ట్యాబ్‌లో నొక్కితే పనిచేస్తాయి. టవల్ కావాలంటే ఫోన్ చేసి అడగరు, మెసేజ్ పెడతారు. గెస్టుకు ఇది నిజంగా సుఖమే. ముఖ్యంగా అర్ధరాత్రి ఫ్లైట్ దిగి, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చేవాళ్లకు.

మరి మన ఉద్యోగాలు పోతాయా? మేమూ భయపడ్డాం. జపాన్‌లో నాగసాకి వైపు 2015లో ఒక హోటల్ పెట్టారు. పేరు హెన్-నా హోటల్. కౌంటర్‌లో రోబోలు, లగేజీకి రోబోలు, రూములో మాట్లాడే బొమ్మ రోబో. ఆ బొమ్మ గెస్టు గురకను ప్రశ్న అనుకుని, రాత్రి లేపి "మళ్లీ చెప్పండి" అనేదట. 2019కి వచ్చేసరికి ఆ హోటల్ తన 243 రోబోల్లో సగానికి పైగా పక్కన పెట్టింది. కాబట్టి పరుపు ఎత్తి దుప్పటి మడిచే చెయ్యి అవసరం ఇప్పట్లో తీరదు. కానీ ఆ చేతిని కొలిచే గడియారం వచ్చేసింది. అసలు సంగతి అక్కడుంది.

ముందు పొద్దున్నే సూపర్‌వైజర్ రూముల లిస్టు కాగితం మీద ఇచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఫోన్‌లో యాప్ ఇస్తుంది. గెస్టు చెకౌట్ నొక్కగానే మన వరుస మారిపోతుంది. రూములోకి వెళ్తే స్టార్ట్ నొక్కాలి, అయిపోతే ఫినిష్ నొక్కాలి. మధ్యలో నిమిషాలు నడుస్తాయి. బాత్‌టబ్‌లో బీచ్ ఇసుక ఉందని, సోఫా కింద బిస్కెట్ పొడి ఉందని, ప్యాంట్రీలో లినెన్ అయిపోయిందని, సర్వీస్ లిఫ్ట్ రావట్లేదని ఆ యాప్‌కు తెలియదు.

మాలో ఒక చెల్లెలికి జరిగింది చెబుతాం. ఐదుగురున్న కుటుంబం ఖాళీ చేసిన రూము. యాభై నిమిషాలు పట్టింది. స్క్రీన్ ఎర్రగా మారితే మాట పడాల్సి వస్తుందని ముప్పై నిమిషాలకే ఫినిష్ నొక్కేసి, మిగతా పని తర్వాత చేసుకుంది. రోజూ అలాగే చేసింది. నెల తిరిగేసరికి, "నువ్వు ముప్పై నిమిషాల్లో చేసేస్తున్నావు కదా" అని రోజుకు ఇంకో రెండు రూములు కలిపారు. తప్పు ఆ పిల్లది అనడం లేదు. భయపడి నొక్కింది. కానీ మనం దాచుకున్న కష్టం లెక్కలో కనపడదు. కనపడని కష్టానికి ఓవర్‌టైమ్ రాదు.

ఇంకో మాట. అదే లెక్క మనల్ని కాపాడిన రోజూ ఉంది. ఒక గెస్టు వాచీ పోయిందన్నాడు. మా తమ్ముణ్ణి సెక్యూరిటీ రూములో కూర్చోబెట్టారు. క్యాంపులో ఎవరికీ అన్నం దిగలేదు. ఏ కార్డుతో ఏ నిమిషానికి తలుపు తెరుచుకుందో ఇప్పటి తాళాల్లో ఉంటుంది. ఆ రిపోర్టు తీస్తే మా వాడి కార్డు పొద్దున ఒక్కసారే వాడినట్టు ఉంది. ఆ తర్వాత మూడుసార్లు గెస్టు కార్డుతోనే తెరుచుకుంది. మళ్లీ వెతికితే వాచీ ఆయన సూట్‌కేస్ అడుగు జేబులోనే దొరికింది. అదే మా వాడు ఆ రోజు తన కార్డు పక్కవాడికి ఇచ్చి ఉంటే? పని చేసింది ఎవరైనా, రికార్డులో పేరు మావాడిదే.

అందుకే మేము నేర్చుకున్నవి నాలుగు చెబుతాం.

ఒకటి, మన కార్డు, మన లాగిన్, పాస్‌వర్డ్ అన్నకైనా తమ్ముడికైనా ఇవ్వొద్దు. బతాకా ఎంత భద్రమో అదీ అంతే.

రెండు, పని అయ్యాకే ఫినిష్ నొక్కండి. ఆలస్యమైతే కారణం అప్పుడే రాయండి. యాప్‌లో ఆ చోటు లేకపోతే సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి. గెస్టు రూము ఫోటో మాత్రం సొంత ఫోన్‌లో తీయొద్దు.

మూడు, చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. డ్యూటీ ఎక్కిన టైం, దిగిన టైం, రూముల సంఖ్య రాసుకోండి. ఇక్కడి చట్టం ప్రకారం వారానికి 48 గంటలు, రంజాన్ నెలలో 36. ఓవర్‌టైమ్‌తో కలిపినా రోజుకు మామూలుగా 10 గంటలు దాటకూడదు. ఓవర్‌టైమ్‌కు బేసిక్ మీద కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. తేడా వస్తే కార్మిక శాఖకు చెప్పండి. అక్కడ చెప్పడానికి మన నోట్‌బుక్ పనికొస్తుంది.

నాలుగు, కలిసి అడగండి. అమెరికాలో లాస్ వేగస్ హోటల్ కార్మికులు 2018లో ఒప్పందం రాయించుకున్నారు. కొత్త యంత్రం తెచ్చే ముందు తమకు చెప్పాలని, శిక్షణ ఇవ్వాలని. ఇక్కడ మనకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. కానీ 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే ఉమ్మడి కమిటీ పెట్టుకోవచ్చు. మీ హోటల్లో ఉంటే అందులో మన మనిషి ఉండేలా చూసుకోండి. "పెద్ద రూముకు, చిన్న రూముకు ఒకటే నిమిషాలా?" అని ఒక్కరే అడిగితే గొణుగుడు అంటారు. పదిమంది అడిగితే మీటింగు పెడతారు.

చివరగా ఒక సంగతి. ఒక రాత్రి, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ పట్టుకుని ఒక పెద్దావిడ తలుపు బయట నిలబడి ఉంది. తాళంచెవి ఆ ఫోన్‌లోనే ఉంది. మావాడు తన కార్డుతో తలుపు తీయలేదు. అలా తీయకూడదు. కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఫ్రంట్ డెస్క్‌ను పిలిచాడు. వాళ్లు పాస్‌పోర్టు చూసి తలుపు తెరిచారు. వెళ్లేటప్పుడు ఆవిడ హోటల్ గురించి రాసిన నాలుగు ముక్కల్లో ఫోన్ తాళంచెవి ఊసు లేదు. కుర్చీ తెచ్చిన అబ్బాయి పేరుంది.

ఆ పేరు మన ఇంటివాళ్లు పెట్టిన పేరు. దాన్ని రికార్డులో కూడా శుభ్రంగా ఉంచుకుందాం. చేసిన పనికి లెక్క అడుగుదాం. సెలవు.