పంచాయతీ వీడియోలలో తయారు నమూనాల వినియోగము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు గ్రామసభ జరుగునని తెలుపవలెనన్న ఊరిలో దండోరా వేయించెడివారు. తరువాత మైకు వచ్చినది. నేడు పెక్కు గ్రామములలో పంచాయతీవారు సెల్‌ఫోనులోనే చిన్న వీడియోను కూర్చి, వాట్సాప్ ద్వారా ఇంటింటికి పంపుచున్నారు. ఇది హర్షింపదగిన మార్పు. అయితే వీడియో కూర్పు నేర్చిన పనివారు ప్రతి ఊరిలోను ఉండరు. ఆ కొరతను తీర్చుటకు తయారు నమూనాలు, అనగా టెంప్లేట్లును, ముందే గీచియుంచిన బొమ్మలు, పట్టీలు, కదలెడి అక్షరములు, అనగా గ్రాఫిక్కులును లభించుచున్నవి. వీనివలన కలుగు మేలును, వీనిని వాడునపుడు పాటింపవలసిన జాగ్రత్తలను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

టెంప్లేటు అనగానే అదేదో క్రొత్త విద్య యని బెదరనక్కరలేదు. పెండ్లి శుభలేఖలు వేయించుటకు ప్రెస్సుకు పోయినపుడు, యజమాని నమూనాల కట్టను మన ముందుంచును. అంచులు, విఘ్నేశ్వరుని బొమ్మ, అక్షరముల అమరిక అన్నియు సిద్ధముగా నుండును. వధూవరుల పేర్లు, ముహూర్తము, కల్యాణ వేదిక మాత్రమే మనము ఇచ్చుకొందుము. వీడియో టెంప్లేటు కూడ అట్టిదే. కాన్వా, కైన్‌మాస్టర్ వంటి సాధనములలో ఇట్టివి దొరకును. వీడియోను పొరలు పొరలుగా అమర్చుదురు. అడుగున దృశ్యము, దానిపై రంగు పట్టీ, పట్టీపై అక్షరములు, వీనికి తోడుగా కంఠస్వరము, సంగీతము. టెంప్లేటులో ఈ పొరలన్నియు ముందే అమర్చబడి యుండును. ఫోటోకు, పేరుకు, తేదీకి ఖాళీ స్థలము లుండును. మనము వానిని నింపిన చాలును. ఒక పూట పట్టెడి పని అరగంటలో ముగియును.

మేలు ఇంత స్పష్టముగా నున్నను, ఇందు ఒక అపాయము కలదు. దానిని నా అనుభవము నుండియే చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున పశువులకు గాలికుంటు వ్యాధి టీకాలు వేయు శిబిరము ఏర్పాటైనది. ప్రక్క గ్రామమునకు అంతకు ముందు నేను చేసిన వీడియో ఒకటి నా యొద్ద నుండెను. దానినే నమూనాగా తీసికొని, మొదటి దృశ్యములో ఊరి పేరును, తేదీని మార్చి, ఆ సాయంత్రమే పంపివేసితిని. శిబిరము గురువారము. కాని చివరి దృశ్యములో పాత శనివారమే నిలిచిపోయినది. గురువారము కొందరు వచ్చిరి. శనివారము మరికొందరు గేదెలను తోలుకొని వచ్చి, ఖాళీ పాకను చూచి నిలువబడిరి. వారిలో ఒక ముసలమ్మ నాతో ఇట్లనినది: "నాయనా, నాకు చదువు రాదు. మా మనవడు ఫోనులో చూసి శనివారమని చెప్పినాడు. వాడేమీ అబద్ధమాడలేదు గదా?" బాలుడు తప్పు చదువలేదు, నేను తప్పు పంపితిని. మరల వైద్యులను రప్పించి టీకాలు వేయించితిమి కాని, ఆమె పోగొట్టుకొన్న ఒక దినపు కూలిని మాత్రము తిరిగి ఇప్పింపలేకపోతిని.

అచ్చు తయారుగా నుండును గాని, అచ్చుకు మన ఊరు తెలియదు. కనుక మొదటి సూత్రము ఇది: ముందు విషయమును కాగితముపై వ్రాసికొనవలెను. ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి, ఏమేమి తెచ్చుకొనవలెను అను ఐదు ప్రశ్నలకు సమాధానములు వ్రాసిన పిమ్మటనే దానికి తగిన టెంప్లేటును వెదకవలెను. టెంప్లేటులో ఐదు మాటలకే చోటున్నచో, మన విషయమును నరికివేయరాదు, వేరొక టెంప్లేటును ఎన్నుకొనవలెను. తల తగ్గించి తలపాగా చుట్టుకొనువారు ఉందురా?

రెండవది, తెలుగు అక్షరముల సంగతి. టెంప్లేట్లలో అధిక భాగము ఆంగ్లాక్షరములకై తయారైనవి. వానిలో తెలుగు వ్రాసినచో ఒక్కొక్కప్పుడు అక్షరములకు బదులు ఖాళీ గడులు కనబడును. మరియొకప్పుడు ఒత్తులు విడిపోయి "గ్రామము" అను మాటయే చదువరాకుండ పోవును. మండలి, రామభద్ర, గురజాడ వంటి యూనికోడు తెలుగు ఖతులు ఉచితముగా లభించుచున్నవి. సాధనము అనుమతించినచో వానిని చేర్చుకొని వాడవలెను. అయినను ఒత్తులు చెదరినచో, ఆ వాక్యమును వేరొక చోట సరిగా వ్రాసి, బొమ్మగా మార్చి అతికింపవచ్చును.

మూడవది, చదువరుల స్థితి. 2011 జనగణనలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతము. అనగా ఏడేండ్లు నిండినవారిలో ముగ్గురిలో ఒకరికి చదువు రాదు. కావున తెరపై వ్రాసిన ప్రతి ముఖ్య విషయమును నోటితో కూడ చెప్పవలెను. అక్షరములు ఎగురుచు, తిరుగుచు వచ్చుట చూచుటకు వేడుకయే గాని చదువుటకు కష్టము. ఒక వాక్యమును తీరికగా రెండుసార్లు చదువుటకు పట్టునంత సేపు తెరపై నిలుపవలెను. ఫోనులో చూచెడివారికి నిలువు చట్రమును, పాఠశాలలోనో పంచాయతీ కార్యాలయములోనో పెద్ద తెరపై చూపుటకు అడ్డు చట్రమును ఎన్నుకొనవలెను.

నాలుగవది, బొమ్మల ఎంపిక. తయారు బొమ్మలలో రైతు అనగా టోపీ పెట్టుకొని గోధుమ చేనిలో నిలిచిన పరదేశీయుడు కనబడును. మిరప తోటల ఊరిలో అట్టి బొమ్మను చూపినచో, జనులు ఇది మన సంగతి కాదని త్రోసివేయుదురు. మీ ఊరి చెరువుగట్టును, మీ ఊరి నీళ్ల ట్యాంకును ఫోనుతో తీసిన ఫోటో, కొంచెము మసకగా నున్నను, దానికంటె వేయి రెట్లు నయము. పట్టీలను, గుర్తులను తయారుగా తీసికొనుడు. మనుష్యులను, స్థలములను మీ ఊరినుండియే తీసికొనుడు.

ఐదవది, చట్టము. భారతదేశ పటమున్న గ్రాఫిక్కులు కొన్నిటిలో సరిహద్దులు తప్పుగా నుండును. సర్వే ఆఫ్ ఇండియా పటముతో సరిపోలని దేశపటమును ప్రచురించుట, 1990లో సవరింపబడిన 1961 నాటి చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. జాతీయ పతాకపు చక్రములో 24 ఆకులు ఉండవలెను. పతాకముపై అక్షరములు వ్రాయరాదు. ఆగస్టు 15న పంపుటకు దొరకెడి టెంప్లేట్లలో ఈ రెండు నియమములను మీరినవి కనబడుచుండును. నాలుగు సింహముల రాజముద్రను అధికారము లేనివారు వాడరాదని 2005 నాటి చట్టము శాసించుచున్నది. ఇక పాటలకు, ఫోటోలకు 1957 నాటి కాపీరైటు చట్టపు రక్షణ కలదు. ఇంటర్నెట్టులో కనబడిన దెల్ల ఉచితము కాదు. క్రియేటివ్ కామన్స్ అను పద్ధతిలో కర్తలు తమ కృతులను ఇతరులు వాడుకొనుటకు అనుమతింతురు, కాని కొందరు తమ పేరు చెప్పవలెననియు, కొందరు మార్పులు చేయరాదనియు షరతులు పెట్టుదురు. వానిని చదివి పాటించుట మన ధర్మము.

చివరగా ఒక హెచ్చరిక. మనకు దొరకిన టెంప్లేటు ఇతరులకును దొరకును. పంచాయతీ ప్రకటన వలెనే కనబడునట్లు దొంగ ప్రకటనను ఎవరైనను చేయవచ్చును. కావున రంగును, పట్టీని చూచి నమ్మవద్దని ప్రజలకు చెప్పవలెను. పంచాయతీ వారి ఒకే నంబరునుండి వీడియోను పంపి, అదే విషయమును నోటీసు బోర్డుపై కూడ అంటింపవలెను. పొరపాటు జరిగినచో దాచరాదు. "సవరణ" అను మాటను మొదటనే పెద్దగా చూపి, పాత వీడియో పోయిన గుంపులన్నిటికిని క్రొత్తదానిని పంపవలెను.

మిత్రులారా, పెడనలో కలంకారీ అద్దకమును చూచినవారు మీలో నుందురు. టేకు చెక్కపై చెక్కిన అచ్చులు తయారుగానే యుండును. ఒకే అచ్చు వందల బట్టలకు ఉపయోగపడును. అయినను ఏ అచ్చును ఎచ్చట అద్దవలెనో, ఏ రంగుతో అద్దవలెనో నిర్ణయించునది పనివాని కన్ను. అచ్చు వంకరగా పడినచో బట్టయే చెడును. మన చేతిలోని బట్ట ప్రజల నమ్మకము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన నాటినుండి గ్రామసభకు రాజ్యాంగములోనే స్థానము కలదు. తేదీ తప్పిన ప్రకటన ఒక్కటి చాలును, ఆ సభలో మాటాడవలసిన మనిషి ఇంటివద్దనే ఉండిపోవుటకు.

కనుక వీడియోను పంపుటకు ముందు మొదటినుండి చివరి దృశ్యమువరకు పూర్తిగా చూడుడు. పిమ్మట ఇద్దరికి చూపుడు. ఒకరు చదువు వచ్చినవారు, ఒకరు చదువు రానివారు. "ఎప్పుడు రావలెను? ఎక్కడికి రావలెను? ఏమి తేవలెను?" అని అడుగుడు. ఇద్దరును ఒకే సమాధానము చెప్పినచో నిశ్చింతగా పంపుడు. చెప్పలేనిచో ఆ రాత్రికి ఆపి, మరునాడు సరిదిద్దుడు. ఆ పాకవద్ద నిలిచిన ముసలమ్మ నాకు నేర్పిన పాఠము ఇదియే. దానిని మీకు అప్పగించి సెలవు తీసికొనుచున్నాను.