మదర్‌బోర్డు ఎంపిక

దిండుక్కల్ జిల్లా ఒట్టన్‌చత్రం ప్రాంతపు తెలుగు యువకులు ఆటల కోసం కొత్త కంప్యూటరు కూర్చుకోదలిస్తే, ముందుగా ప్రాసెసరును నిర్ణయించుకొని, దాని సాకెట్‌కు, అంటే అది అమరే గూటికి, సరిపడే మదర్‌బోర్డునే ఎంచుకోవలసి ఉంటుంది. 2022లో వచ్చిన ఏఎండీ వారి ఏఎం5 సాకెట్‌లో 1718 సన్నని పిన్నులు ఉంటాయి. అది డీడీఆర్5 మెమరీని మాత్రమే స్వీకరిస్తుంది గనుక పాత డీడీఆర్4 మెమరీ అందులో పట్టదు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాల మెమరీకీ వేర్వేరుగా తయారయ్యాయి కాబట్టి పెట్టెమీది అక్షరాలు చదివి తీరాలి. వోల్టేజిని తగ్గించి ప్రాసెసరుకు విద్యుత్తు అందించే వీఆర్ఎం భాగం ఎండాకాలంలో మరింత వేడెక్కుతుంది. దానిపై లోహపు హీట్‌సింక్ లేని చవక బోర్డు శక్తిమంతమైన ప్రాసెసరుకు తగదు. బోర్డుమీది అలంకారపు రంగుదీపాలకు పెట్టే సొమ్మును గ్రాఫిక్స్ కార్డుకు మళ్లించడమే మేలు.