చాల దూరము తిరిగిన హైబ్రిడ్ కారు

పశువుల సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి బేరమాడడు. పండ్లు చూచి వయస్సు నిర్ణయించును. నాలుగడుగులు నడిపించి చూచును. వీలైనచో కాడి కట్టించి చూచును. వాడిన కారును కొనువారికిని ఇదియే మార్గము. అయితే హైబ్రిడ్ కారు ఒంటెద్దు బండి కాదు, జోడెడ్ల బండి. ఒక ఎద్దు పెట్రోలు ఇంజను, రెండవది విద్యుత్ మోటారు. ఒకదానిని మాత్రమే పరీక్షించి కొన్నవాడు సగము బండిని చూచి మొత్తము సొమ్ము చెల్లించినవాడగును.

నేడు మన యిండ్ల బిడ్డలు పెక్కురు అమెరికాలో చదువుచున్నారు. ఆ దేశములో అనేక పట్టణములందు కారు లేనిదే కూరగాయలు తెచ్చుకొనుట కూడ కష్టము. వారి చేతిలోని సొమ్ము కొద్ది. అందులో ఇక్కడ పొలమో ఇల్లో తాకట్టు పెట్టి తెచ్చినదియు ఉండవచ్చును. అట్టివారి కంటబడునది తరచుగా లక్షన్నర, రెండు లక్షల మైళ్లు తిరిగిన టయోటా ప్రియస్. ధర తక్కువ, పెట్రోలు ఖర్చు తక్కువ. “కొనవచ్చునా?” అని ఇంటికి ఫోను చేయుదురు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ప్రియస్ 1997 డిసెంబరులో జపానులో అమ్మకమునకు వచ్చినది. 2000లో అమెరికా చేరినది. మామూలు కారులో బ్రేకు వేసినప్పుడు వేగమంతయు వేడిగా మారి గాలిలో కలిసిపోవును. ఈ కారులో మోటారే అప్పుడు జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత భాగమును బ్యాటరీకి చేర్చును. అందుచేత బ్రేకు ప్యాడ్లు చాలకాలము మన్నును. మామూలు గేరుబాక్సుకు బదులు పళ్లచక్రముల కూర్పు ఒకటి ఇంజను శక్తిని, మోటారు శక్తిని కలుపుచుండును. క్లచ్చి లేదు, వేరుగా స్టార్టరు మోటారు లేదు. లేని భాగము అరిగిపోదు గదా!

కావున మైళ్ల సంఖ్య చూచినంత మాత్రమున భయపడ పనిలేదు. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో రెండు లక్షల మైళ్లకు పైబడి తిరిగిన 2002 నాటి ప్రియస్‌ను పరీక్షించినది. రెండు లక్షల మైళ్లనగా మూడు లక్షల ఇరువది వేల కిలోమీటర్లు. కొత్త కారుపై తాము పూర్వము చేసిన పరీక్షతో పోల్చి చూడగా, పెట్రోలు ఖర్చులో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఒక్క కారు అన్నిటికిని సాక్షి కాజాలదు. కాని దూరమే మరణశాసనము కాదని ఇది తెలుపుచున్నది.

ఇక బ్యాటరీ మాట. రెండవ, మూడవ తరముల ప్రియస్ కార్లలోని బ్యాటరీ ఒక్క ముక్క కాదు. అందు 28 మాడ్యూళ్లు, ఒక్కొక్క మాడ్యూలులో 6 చొప్పున మొత్తము 168 సెల్లులు వరుసగా కూర్చబడి 201.6 వోల్టుల పీడనము నిచ్చును. గొలుసులో ఒక కడియము బలహీనమైన గొలుసంతయు బలహీనమగును. కారులోని కంప్యూటరు ఈ బ్యాటరీని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. మధ్యస్థితిలో ఉంచి కాపాడును. దాని ఆయువునకు ప్రధాన శత్రువులు రెండు: వేడి, వయస్సు. బ్యాటరీని చల్లబరచు ఫ్యాను వెనుక సీటు ప్రక్కనుండి గాలి పీల్చుకొనును. ఆ ద్వారము దుమ్ముతోను, పెంపుడు కుక్క వెండ్రుకలతోను మూసుకొనిపోయినచో బ్యాటరీ ఉడికిపోవును. కొనువారు ముందుగా చూడవలసిన చోటులలో ఇది యొకటి; చూచుటకు కాసు ఖర్చు లేదు.

వయస్సును మరువరాదు. ఏడేండ్లలో లక్షన్నర మైళ్లు రాజమార్గములపై తిరిగిన కారు ఒకటి, పదునైదేండ్లలో అరువది వేల మైళ్లు మాత్రమే తిరిగి, ఎక్కువ కాలము ఎండలో నిలిచియున్నది మరియొకటి ఉన్నవనుకొనుడు. తక్కువ మైళ్లు చూచి చాలమంది రెండవదానికి ఆశపడుదురు. బ్యాటరీ దృష్టితో చూచినచో పెక్కుసార్లు మొదటిదే మేలు.

“బ్యాటరీ ఈ మధ్యనే మార్పించితిమి” అని అమ్మువారు చెప్పినచో, సంతోషించుటకు ముందు రసీదు చూపుమని అడుగవలెను. మొత్తము బ్యాటరీ కొత్తది వేసినారా, లేక 28లో చెడిన ఒకటి రెండు మాడ్యూళ్లు తీసి పాతవే మరి రెండు అమర్చినారా? చీకిపోయిన పంచెకు మాసిక వేసిన చందముననే, మాసిక నిలిచినను దాని ప్రక్క చిరుగును. అట్టి మరమ్మతుతో కారు కొన్ని నెలలు నడచి మరల నిలిచిపోవుట కలదు.

రెండవ ఎద్దును, అనగా ఇంజనును, మరువకుడు. 2009లో వచ్చిన మూడవ తరము ప్రియస్‌లో, పొగలో కొంత భాగమును తిరిగి ఇంజనులోనికి పంపు ఈ.జి.ఆర్. మార్గము మసితో పూడుకొనిపోవుట, హెడ్ గాస్కెట్ చెడి కూలెంటు లోనికి కారుట తెలిసిన లోపములు. ఈ వ్యాధి లక్షణము ఉదయము చల్లబడియున్న ఇంజనును నడిపినప్పుడు బయటపడును: కారు కొన్ని క్షణములు గడగడ వణకును. కావున తెల్లవారుజామున వెళ్లి చూడుడు. ముందుగా ఇంజనును నడపవద్దని చెప్పి, వెళ్లగానే బానెటుపై చేయి వేసి చూడుడు. వెచ్చగా ఉన్నచో మరియొకనాడు రండు. కూలెంటు మట్టము, నూనె మట్టము చూచుట మరువరాదు. కారు క్రింద కేటలిటిక్ కన్వర్టరు ఉన్నదో లేదో కూడ చూడవలెను. ప్రియస్ కార్లనుండి దానిని కోసి దొంగిలించుట అమెరికాలో తరచు జరిగినది.

2014లో ఇన్వర్టరును నడిపించు సాఫ్ట్‌వేరులోని లోపము కారణముగా టయోటా వారు ప్రపంచమంతట దాదాపు 19 లక్షల ప్రియస్ కార్లను సవరణకై వెనుకకు పిలిచిరి. మీరు చూచు కారుకు ఆ సవరణ జరిగినదా? కారుపై నుండు 17 అక్షరముల గుర్తింపు సంఖ్యను ఇచ్చినచో, అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఉచితముగా తెలుపును.

పిమ్మట హైబ్రిడ్ పని తెలిసిన, అమ్మువారికి సంబంధము లేని మెకానిక్కును వెంట తీసికొనిపోవలెను. అతడు డ్యాష్‌బోర్డు క్రింది రంధ్రమునకు స్కానరును తగిలించి, కారు నడచుచుండగా బ్యాటరీలోని 14 జతల వోల్టులను సరిచూచును. ఒక జత మిగిలినవాటికంటె ఎప్పుడును వెనుకబడుచున్నచో రోగము మొదలైనదన్న మాట. కొందరు హెచ్చరిక దీపమును ఆర్పివేసి అమ్మకమునకు పెట్టుదురు. ఆ తుడిచివేత జాడను కూడ స్కానరు చూపగలదు. కారు స్వయముగా జరుపుకొను పరీక్షలు ఇంకను పూర్తికాలేదని అందు తెలియును. నారింజ రంగు తీగలను మాత్రము ఎవరును ముట్టరాదు. అవి ప్రాణము తీయగల విద్యుత్తును మోయు తీగలు.

ఇప్పుడు లెక్క. సంవత్సరమునకు 12,000 మైళ్లు తిరుగు కుటుంబమును తీసికొందము. గాలనుకు 24 మైళ్లిచ్చు కారుకు 500 గాలన్లు, 48 మైళ్లిచ్చు హైబ్రిడ్డుకు 250 గాలన్లు కావలెను. గాలను మూడు డాలర్లయినచో ఏటికి మిగులునది 750 డాలర్లు. బ్యాటరీ మార్చుటకు 2,250 డాలర్లు అయినదనుకొన్నచో మూడేండ్ల మిగులు ఒక్కనాటితో సరి. కాబట్టి పాత హైబ్రిడ్డు బేరములో బ్యాటరీ వెలను మొదటనే కలిపి లెక్క వేయవలెను. ఆ మొత్తమునకు కూడ కారు చౌక అనిపించినచో కొనుడు. కారు కొనగా బ్యాటరీకి చేత సొమ్ము మిగులనివారు ఆ కారును కొనరాదు.

మన దేశములో ఈ ప్రశ్న ఇప్పుడిప్పుడే తలెత్తుచున్నది. 2022 నుండి ఇక్కడ అమ్మబడుచున్న టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ వంటి హైబ్రిడ్లు ముందుముందు పాతకార్ల అంగళ్లకు చేరును. వీటి బ్యాటరీకి కంపెనీవారి హామీ ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది. పాతది కొనువారు అందులో ఇంకెంత మిగిలినదో చూడవలెను. మరియొక హెచ్చరిక: ఇంజనుకు కొద్ది సాయము మాత్రమే చేయు చిన్న బ్యాటరీ గల కార్లకును మన దేశములో హైబ్రిడ్ అను పేరు పెట్టియున్నారు. పేరు ఒకటైనను పెట్రోలు పొదుపు ఒకటి కాదు.

తుదకు ఒక్క మాట. మీటరుపై మైళ్లు కారు ఎంత దూరము వచ్చినదో చెప్పును గాని, ఎట్లు వచ్చినదో చెప్పవు. అది చెప్పునవి సర్వీసు రసీదులు, చల్లని ఉదయము, స్కానరు. ఈ మూడింటిని చూడనిచ్చువానితో బేరమాడుడు. చూడనీయనివానికి నమస్కరించి, సొమ్ముతో ఇంటికి రండు. కార్లు మరి దొరకును. బిడ్డ చదువునకై తెచ్చిన అప్పు మరల పుట్టుట కష్టము.