బొమ్మల పెండ్లిలో అలక



పప్పు ఉడకలేదని మగపెండ్లివారు అలిగి విడిది కదలకపోవుట తెలుగువారి బొమ్మల పెండ్లిండ్లలో పిల్లలకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. ఐదేండ్ల పిల్ల మూతి ముడుచుకొని కూర్చుండును. మఱియొకతె బెల్లపుముక్క చేతబట్టి "వదినగారూ, పొరపాటు మాదే, లేచి రండి" అని బ్రతిమాలును. కొంతసేపు బెట్టు, పిమ్మట ఒప్పుకోలు, ఆ వెనుక గుజ్జనగూళ్ళ విందు. పెద్దల పెండ్లిలో అలకపాన్పు వేడుకను చూచిన పిల్లలు దానిని తమ ఆటలోనికి తెచ్చుకొనిరి. అలుగుటకును, అలక తీర్చుటకును ఒక మర్యాద కలదని వారికి ఎవరును పాఠము చెప్పలేదు.

సోవియట్ మనశ్శాస్త్రవేత్త వైగాట్‌స్కీ 1933లో పిల్లల ఆటను గూర్చి చేసిన ఉపన్యాసమున దీనికి దగ్గఱి విషయమునే విప్పి చూపెను. మిఠాయిని తినరాని వస్తువుగా నెంచి ఆడుకొను బిడ్డ, నోరూరుచున్నను దానిని తినడు. తిన్నచో ఆట చెడును. తల్లి వలదన్నపుడు ఏడ్చు బిడ్డయే ఆట కొఱకు తన కోరికను తానే ఆపుకొనును. తగవు తీరవలెనన్నను కావలసినది ఈ నిగ్రహమే కదా! 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పిన గిజూభాయి కథకును నాటకమునకును చోటిచ్చుట ఊరక చేసిన పని కాదు.

ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లలో ఈ విషయమునకు ప్రత్యేకమైన అవసరము కలదు. తండ్రికో తల్లికో బదిలీ అయి విజయవాడ నుండి ఢిల్లీకి వచ్చిన నాలుగేండ్ల పిల్లవానికి ఉయ్యాల కావలెనని అడుగుటకు హిందీ మాట తోచదు, చేయి లేచును. ఇరుగుపొరుగుల మెప్పునకై తల్లి తన బిడ్డకే రెండు తగిలించును. ఒక్కొక్కప్పుడు పిల్లలు మఱునాటికి కలిసిపోదురు, పెద్దల మాటలు మాత్రము నెలలపాటు నిలిచిపోవును.

కొట్లాట జరుగుచున్నపుడు బొమ్మలతో పని లేదు. ముందు చేతులు విడదీయవలెను. కోపము చల్లారిన సాయంకాలమున కొండపల్లి ఏనుగునకును గుడ్డ కోతికిని ఒకే ఉయ్యాల కావలసి వచ్చినదని ఆట మొదలు పెట్టవచ్చును. ఏనుగు ఏమి చేయునని అడిగినచో "తొండంతో కొడుతుంది" అని పిల్లవాడు నిస్సంకోచముగా చెప్పును. అది తప్పని దిద్దరాదు. కోతి ఏడ్చుచు వెడలిపోవలెను. ఇక ఉయ్యాల ఊపువారెవరు? ఏనుగు కోతిని పిలుచుటకు ఉపాయము వెదకుట అక్కడ మొదలగును. వెదకనిచో ఆనాటికి అంతే. మఱునాడు పిల్లవానికే కోతి వేషమీయవలెను. ఏనుగునకు వాని పేరు మాత్రము పెట్టరాదు. తన్నే అనుచున్నారని బిడ్డ ఇట్టే కనిపెట్టును, ఆట మందలింపుగా మాఱును. పెద్దలు న్యాయాధిపతి వేషము ధరించుటయు మంచిది కాదు. పిల్లలు తీర్పు కొఱకు వారి మొగము చూచుటతోనే సరిపోవును. ఏ వంటవాడుగనో, ఉయ్యాల బాగుచేయు వడ్రంగిగనో ఒక మూల నుండుట మేలు.

ఊహాక్రీడ సర్వరోగనివారిణి కాదు. ఏంజెలీన్ లిలార్డ్ తదితరులు 2013లో పూర్వపరిశోధనలను సమీక్షించి, దానివలననే ఇన్ని సద్గుణములు కలుగునని చెప్పుటకు ఆధారములు చాలవని తేల్చిరి. పైగా పిల్లలు చూచినదానినే ఆడుదురు. కట్నము చాలలేదని బొమ్మల పెండ్లి ఆగినచో ఆ మాట పిల్లలు పుట్టించినది కాదు. "ఆఫీసు నుండి వచ్చిన నాన్న" వేషము వేసిన బాలుడు గుమ్మములోననే కేకలు వేసినచో, అతనికన్న ముందు ఆలోచింపవలసినవారు ఆ ఇంట వేఱొకరు కలరు.

ఖర్చు స్వల్పము. పాత చీర యొకటి, రెండు ఖాళీ డబ్బాలు, ఉద్యోగము చేయు తల్లిదండ్రులకైనను దొరకు ఒక అరగంట. ఆ అరగంటసేపు ఫోను వేఱొక గదిలో నుండవలెను.