కదిలితేనే మేత

చెన్నైలో కొళత్తూరు అంటే రంగు చేపల పేట. అక్కడ చేప పిల్లలకు తొలి మేతగా వేసే ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవే, మెక్సికోలోని సోచిమిల్కో కాలువలకు చెందిన ఆక్సోలాటిల్ పిల్లలకూ ప్రాణాధారం. ఆక్సోలాటిల్ జీవితాంతం మొప్పలు ఉంచుకుని నీళ్లలోనే బతికే ఉభయచరం.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల సుమారు సెంటీమీటరు ఉంటుంది. రెండు మూడు రోజులు కడుపులో మిగిలిన పచ్చసొనతోనే గడిపేస్తుంది. తర్వాత ఆకలి మొదలవుతుంది. కానీ కళ్ల ముందు కదలనిది దానికి తిండి కాదు. పొడి మేత వేస్తే నీళ్లు పాడవడం తప్ప ఫలితం ఉండదు.

అందుకే కదిలే ఆర్టీమియా కావాలి. సీసాలో లీటరు నీళ్లు పోసి, సుమారు 25 గ్రాముల అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు ఆర్టీమియా గుడ్లు వేసి గాలి గొట్టం పెట్టండి. మన ఊరి వెచ్చదనానికి ఒక రోజులో పిల్లలవుతాయి. గాలి ఆపి సీసా పక్కన టార్చి వెలిగిస్తే, నారింజ రంగు చుక్కలు వెలుగు దగ్గరికి మూగుతాయి. సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి, ఆక్సోలాటిల్ పిల్లలకు రోజుకు రెండుసార్లు వేయండి. పారదర్శకమైన పొట్ట నారింజ రంగుకు తిరిగితే కడుపు నిండినట్టే. చూడముచ్చటగా ఉంటుంది!

మిగిలిన ఆర్టీమియా మంచినీళ్లలో కొన్ని గంటలకే చచ్చిపోతుంది. రోజూ నీళ్లు మార్చాలి. ఆకలితో ఉంచితే పిల్లలు ఒకదాని కాళ్లు ఒకటి కొరికేస్తాయి.

ఆర్టీమియాకు మేలు చేసే వెచ్చదనమే ఆక్సోలాటిల్‌కు శత్రువు. నీళ్లను 20 డిగ్రీల లోపు ఉంచే ఏర్పాటు లేకపోతే, దయచేసి ఈ ప్రాణిని ఇంటికి తేవద్దు.